బుధవారం క్లాసు

"1998 జూలై 8, బుధవారం. ఆ మధ్యాహ్నం నేను తిన్నది అడుగంటిన ఉప్మా. చేసుకున్నది నేనే కనుక ఎవరినీ ఏమీ అనడానికి లేకపోయింది. ఊళ్లో సమితి క్లాసు మొదలైందీ, మా ఆవిడ సత్యమ్మ దానికి మొదటిసారి వెళ్లిందీ ఆ రోజే."

అక్కడిదాకా చదివి ప్రియాంక కాగితం పక్కన పెట్టింది.

"చరిత్రల ఉప్మా ఏంది అంకుల్?"

రాష్ట్ర గృహిణుల విద్యాసేవా సమితి శామీర్‌పేట శాఖకు ఆమె అధ్యక్షురాలు. భర్తకు తూంకుంటలో ప్లాట్ల వ్యాపారం. సమితికి యాభై ఏళ్లు నిండాయి, ప్రతి శాఖా తన చరిత్రను రెండు పేజీల్లో పంపాలని హైదరాబాదు నుంచి ఉత్తరం వచ్చింది. డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయిన భాస్కర్‌కు ఆ పని అప్పగించారు. ఆయన ఒక్కటే అడిగాడు. అందులో సత్యమ్మ గురించి ఒక్క వాక్యం ఉండాలి.

ఇరవై మూడేళ్లు ప్రతి బుధవారం ఒంటిగంటకు వెళ్లి ఐదింటికి వచ్చేది. అక్కడ ఏం చేసేదో ఆయన ఏనాడూ అడగలేదు. మూడేళ్ల కిందట ఆమె పోయింది. అప్పటి నుంచి ఆ అడగకపోవడమే ఆయన్ను గుచ్చుతోంది. రేపు పొద్దున కాగితాలు వెళ్లిపోవాలి. వాక్యం ఇంకా దొరకలేదు.

"సత్యమ్మగారు సమాజానికి విశేష సేవ చేసిన్రు, అని పెట్టున్రి," అంది ప్రియాంక. "అందరికీ అదే పెట్టినం."

"ఏం సేవ అమ్మా?"

"విశేష సేవ."

భాస్కర్ ఆమె ఇచ్చిన లెక్కలు చూశాడు. "లబ్ధి పొందినవాళ్లు నలభై ఎనిమిది వేల మందా?"

"ముప్పై ఆరు మంది, పదమూడు వందల యాభై రెండు బుధవారాలు. గుణకారం చేస్కోన్రి. మీద ఆరు వందలు నేనే వదిలేసిన."

ప్రియాంక ముందే ఖరారు చేసిన ప్రకారం మొదటి పేజీ నిండా ఆమె అత్తగారు బాలనర్సమ్మ ఫోటో. క్లాసుకు గది ఇచ్చింది ఆవిడే కనుక రెండో పేజీలోనూ సగం ఆవిడే. మిగతా సగంలో రాష్ట్ర పరిశీలకురాలు 2006లో రాసిన నివేదిక: "తలుపు బయట పది నిమిషాలు నిలబడ్డాను. లోపలి నుంచి ఒక్క గొంతూ వినబడలేదు. ఇంతటి ఏకాగ్రత మరే శాఖలోనూ చూడలేదు. భంగం కలిగించడం ఇష్టంలేక వెనుదిరిగాను." ఆ ఏడు ఉత్తమ శాఖ షీల్డు శామీర్‌పేటకే వచ్చింది.

సోఫాలో కూర్చుని టీ తాగుతున్న బాలనర్సమ్మ వైపు తిరిగాడు భాస్కర్.

"కుట్టుపని నేర్పేవారా అమ్మా?"

"నేర్పిన్రు సారూ."

"మరి నా చొక్కా గుండీ ఊడితే దర్జీ దగ్గరికి పొమ్మనేది."

"అయితే కుట్టు కాదేమో. పచ్చళ్లేమో."

"పచ్చళ్లు మా చెల్లె పంపేది."

ముసలావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఏమన్నగాని, నీ పెండ్లాం బంగారం సారూ. నాలుగు గంటలు ఒక్క మాట మాట్లాడకపోయేది."

భాస్కర్ ఆశ్చర్యపోయాడు. ఇంట్లో సత్యమ్మ నాలుగు నిమిషాలు మాట్లాడకపోతే జ్వరమేమోనని నుదురు పట్టి చూసేవాడు.

బాలనర్సమ్మ కోడలి వైపు ఓసారి చూసి గొంతు తగ్గించింది. "పోయి శంకరమ్మనడుగు. మేం లోపలుంటిమి, మాకేమెరుక. ఆమె బయట కూసునేది."

సాయంత్రం ఆయన క్లాసు గదికి వెళ్లాడు. శంకరమ్మ చెరువుకట్ట కింద చేపలు పట్టే వాళ్ల ఇంటి ఆడపడుచు. మొదటి రోజు నుంచీ తాళంచెవి ఆమె దగ్గరే ఉంది. గది ఊడుస్తోంది. మూలన కుట్టుమిషను కొన్ననాటి ప్లాస్టిక్ కవరులోనే ఉంది.

"సత్యమ్మ ఎక్కడ కూర్చునేది?"

"గా కిటికీ పక్కకు. గాలి మంచిగొస్తదని."

"ఏం చేసేది?"

శంకరమ్మ చీపురు ఆపింది. "చెప్తే నువ్వేం రాస్తవు సారూ?"

"నిజం రాద్దామని."

"నిజం రాస్తే, ఇప్పుడొచ్చేటోళ్లను ఇండ్లకెల్లి పంపుతరా?"

ఆయన కవరు విప్పని కుట్టుమిషను వైపు చూశాడు.

"బుధవారం ఇంటికొచ్చినంక సత్యమ్మక్క ఎట్లుండేదో చెప్పు," అంది ఆమె.

"ముఖం తేటగా ఉండేది. నేను మాడ్చిన గిన్నె చూసి కూడా నవ్వేది. బుధవారం రాత్రి మా ఇంట్లో ఎన్నడూ కొట్లాట లేదు."

"ఇగ గదే రాయి."

ఆయన జేబులోని పుస్తకం తీసి ఒక వాక్యం రాశాడు. "సత్యమ్మ ప్రతి బుధవారం నవ్వుతూ ఇంటికి వచ్చేది." పైకి చదివి వినిపించాడు. శంకరమ్మ తల ఊపింది.

చీకటి పడుతోంది. ఆమె లైటు ఆర్పి, రెండు రెక్కలూ దగ్గరికి తెచ్చి, చప్పుడు కాకుండా గొళ్లేనికి వేలు అడ్డం పెట్టి మెల్లగా తలుపు వేసింది.

"లోపల ఎవరూ లేరు కదా శంకరమ్మా, అంత మెల్లగా ఎందుకు?"

"అలవాటైంది సారూ," అంది తాళం వేస్తూ. "క్లాసుల అందరు నిద్రపొయ్యేటోళ్లు."