వాళ్ళమ్మ వచ్చిందా?

రిపోర్టు వచ్చిందని కబురు పెట్టాడే గానీ, అది మంచివార్తో చెడువార్తో హెడ్ కానిస్టేబుల్ రాజనర్సయ్యకే తేలలేదు. పంజాగుట్ట చౌరస్తాలో ఆటో దిగి జానకీదేవి స్టేషన్ వైపు నడిచొస్తుంటే కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

రెండువేల సంవత్సరం ఎండాకాలంలో, మైత్రీవనం వెనక సందులో సగం కట్టి వదిలేసిన బిల్డింగు సంపులో ఒక శవం తేలింది. ఇరవై దాటిన కుర్రాడు. తల వెనక బలమైన దెబ్బ. ముఖం గుర్తుపట్టే స్థితిలో లేదు. ఒంటిమీది నీలం గళ్ళ చొక్కా తప్ప వేరే ఆధారం లేదు.

అప్పట్లో అమీర్‌పేట నిండా అలాంటి కుర్రాళ్ళే. కంప్యూటర్ కోర్సు నేర్చుకుని గట్టెక్కుదామని జిల్లాల నుంచి దిగేవాళ్ళు. ఒకడు కనబడకపోతే, ఉద్యోగమొచ్చి బెంగుళూరు పోయాడనుకునేవాళ్ళు గదిలో మిగతావాళ్ళు. రాజనర్సయ్య ఎక్కని హాస్టల్ మెట్లు లేవు. చచ్చినవాడి పేరే తెలియకపోతే చంపినవాణ్ణి ఎక్కడని వెతకడం? ఇన్‌స్పెక్టర్లు మారారు. ఫైలు అటకెక్కింది. దగ్గరుండి పూడ్పించినవాడు కాబట్టి అతనొక్కడే మరిచిపోలేకపోయాడు.

మరుసటి ఏడు జానకీదేవి వచ్చింది. ఎస్సార్‌నగర్‌లో ఉంటుంది, సొంతవూరు తణుకు.

"ఆ సంపులో దొరికిన అబ్బాయి సంగతి అడుగుదామనండీ. మావాడూ అమీర్‌పేటలోనే జావా నేర్చుకునేవాడు. ఇప్పుడు లేడండీ," అంటూ ఏడ్చేసింది.

అతను చొక్కా తెచ్చి చూపించాడు. ఒళ్ళో పెట్టుకుని నిమిరింది. మీవాడిదేనా అంటే అవుననలేదు, కాదనలేదు. ఏ తల్లి మాత్రం అనగలదు అనుకున్నాడు.

ఆ తరవాత ఆమె రావడం మానలేదు. ఎప్పుడొచ్చినా ఒకటే ప్రశ్న.

"వాళ్ళమ్మ గానీ వచ్చిందా, రాజనర్సయ్య గారూ?"

"ఎవ్వరు రాలేదమ్మా."

ఆ జవాబు వినగానే కుంగిపోయేది. ఇంకో తల్లి వస్తే తన కొడుకు బతికున్నట్టే కదా, పాపం అందుకే అడుగుతోందనుకునేవాడు. కుర్రాణ్ణి పూడ్చినచోట ఏటా పూలు పెట్టి వెళుతోందని కాటికాపరి చెప్పినప్పుడు మాత్రం, పైకి ఒప్పుకోకపోయినా ఆమె మనసుకు తెలిసిపోయిందనిపించింది.

డీఎన్‌ఏ పరీక్ష సంగతి ఎత్తింది రాజనర్సయ్యే. రిటైరయ్యేలోగా ఆ పిల్లవాడికి ఒక పేరైనా దక్కాలని అతని తపన. కొత్త ఇన్‌స్పెక్టర్‌ను బతిమాలి ఒప్పించాడు. "ఎందుకులెండి," అంది జానకీదేవి. అతను వదల్లేదు. ఆమె ఏదో చెప్పబోయి, చెప్పలేక, నర్సు ముందు చెయ్యి చాపింది.

ఇప్పుడు ఎదురుగా కూర్చుని నేల చూపులు చూస్తోంది.

"అమ్మా, జర నిమ్మళంగ వినుండ్రి. రక్తం కలవలే. గా పిలగాడు మీ కొడుకు కాదు. మీవాడు యాడనో ఒకకాడ బతికే ఉన్నడు. ఇగ ఫికర్ చెయ్యకుండ్రి."

ఆమె ముఖం విప్పారుతుందని ఎదురుచూశాడు. ఉన్న కాస్త కళ కూడా పోయింది.

"అయితే ఆ అబ్బాయి ఎవరో ఇంక తెలియదాండీ?"

"ఇగ ఏం తెలుస్తదమ్మా? మీ మీదనే ఆశ ఉండె. గదీ పోయింది. ఫైలు మూసేస్తున్నరు."

జానకీదేవి రెండు చేతులూ జోడించింది.

"వాడు మావాడు కాదని నాకు మొదట్నుంచీ తెలుసు బాబూ, వాణ్ణి చంపి, ఆ సంగతి మాత్రం నాకు చెప్పి, వాడి పేరైనా చెప్పకుండా ప్రాణం తీసుకున్నవాడు మావాడు."