ముద్ర పడకముందు

"ఆ కాగితం ఇవ్వకమ్మా!"

అమెరికాలో, కాన్సస్ రాష్ట్రంలోని ఆ చిన్న ఊరి రిజిస్ట్రార్ ఆఫీసులో, బెంచీ మీది ముసలాయన అడక్కుండానే కల్పించుకున్నాడు.

డార్లీన్‌కి ఒళ్లు మండింది.

"నా ఇల్లు నా చెల్లెలి పేరున రాసుకుంటాను. మధ్యలో మీకేంటి?"

"ఐపీ పెట్టబోతున్నావు. అవునా?"

ఆమె గతుక్కుమంది. భర్త గుండె ఆపరేషన్ బిల్లులు మెడకు చుట్టుకున్నాయని ఊళ్లో తెలియనిదెవరికి?

"పెడితే ఇల్లు లాగేసుకుంటారట. చర్చిలో అందరూ అదే అంటున్నారు."

"చర్చిలో వాళ్లను పాటలు పాడుకోమను. మన రాష్ట్రంలో నువ్వు కాపురముండే ఇంటి జోలికి ఆస్పత్రివాళ్లు రాలేరు. ఇంటి మీది బ్యాంకు అప్పు వాయిదాలు కట్టుకుంటే చాలు. పేరు మార్చావో, ఆస్తి దాచావంటారు. అప్పుడు నిజంగానే పోతుంది."

"మీరు లాయరా?"

"కాదు. ఇళ్లకు పైకప్పులు వేసేవాణ్ణి."

"అయితే నిచ్చెనెక్కండి. నా నెత్తికెక్కకండి!"

ముసలాయన నవ్వాడు.

"రోడ్డుకెదురుగా లాయరమ్మ ఉంది. మొదటిసారి ఫీజు తీసుకోదు. అడిగొచ్చి ఇవ్వు."

"ఆవిడ మీకెంత కమీషనిస్తుంది?"

"కాఫీ కూడా పోయదు."

కిటికీ వెనక గుమస్తా నాడీన్ చెయ్యి చాచింది. డార్లీన్ కాగితం ఇవ్వబోయి, ఏమనుకుందో, విసవిసా బయటికి నడిచింది.

లాయరమ్మ పొల్లుపోకుండా అదే చెప్పింది.

డార్లీన్ ఐపీ పెట్టింది. కొన్ని నెలలకు కోర్టు ఆస్పత్రి బాకీలు కొట్టేసింది. ఇల్లు మాత్రం డార్లీన్ దంపతులకే మిగిలింది. భర్త వరండాలో కూచుని రేడియోలో బేస్‌బాల్ వింటూ మళ్లీ కేకలు పెడుతున్నాడు. ఆమె ప్రాణం కుదుటపడింది.

పీచ్ పండ్లతో కేకు చేసుకుని ఆఫీసుకు వెళ్లింది. బెంచీ ఖాళీగా ఉంది.

"ఇక్కడ పనిచేసే పెద్దాయన ఏరి?"

"ఆర్విలా? ఇక్కడ పనిచెయ్యడమేంటి! ఊరికే రోజూ వచ్చి ఆ బెంచీ మీద కూచునేవాడు. పోయి నెలయింది, పాపం," అంది నాడీన్.

డార్లీన్‌కి కళ్లు నిండాయి.

"పేరైనా అడగలేదు. పైగా కమీషనెంత అన్నాను."

"ఆయనేం అనుకోలేదులే. నువ్వు లాయరు గడపెక్కేదాకా చూసి, ఆ రోజంతా ఈల వేస్తూనే ఉన్నాడు."

"మరి రోజూ ఇక్కడెందుకు కూచునేవారు?"

నాడీన్ ముందున్న కాగితాలు పక్కకు జరిపింది.

"మేం కాగితం తీసుకోవాలంతే, సలహా చెప్పకూడదు. పదేళ్ల కిందట ఐపీ పెట్టేముందు తమ్ముడి పేరున రాసి ఇల్లు పోగొట్టుకున్నాడు ఆర్విల్. ఆ కాగితం మీద నోరు మూసుకుని ముద్ర వేసింది నేనే."