నీలం దారం

పాప పోయిన దగ్గర్నుంచీ బట్టలు కుట్టే ఆ తల్లికి సూదిలో దారం ఎక్కించేవాళ్లు లేరు. బెజ్జం ఆమె కంటికి ఆనదు. పాపయితే దారం కొస నాలుకతో తడిపి, ఒక్క దెబ్బలో దూర్చేసేది.

ఆ రాత్రి విసుగొచ్చి సూదిని బల్లమీద పడేసింది. గోడమీది దేవుడి పటం కేసి తిరిగింది.

"చీమనైనా తొక్కని పిల్ల! దాన్నెందుకు తీసుకుపోయావు? నోరు లేదా నీకు?"

"ఊరుకోవే," అన్నాడు పక్కగదిలోంచి భర్త. "ఆయన చేసేదానికి ఏదో అర్థం ఉంటుంది."

"ఉంటే చెప్పమనండి. ఒక్క జవాబు, చాలు."

దీపం ఆర్పబోతూ బల్లకేసి చూసింది.

సూదిలో నీలం దారం ఉంది.

ఇంట్లో నీలం దారం లేదు. ఉన్న రీలంతా పాప ఆఖరి గౌనుకే అయిపోయింది. ఆ గౌనుతోనే పాపను మట్టిలో పెట్టారు.

దారాన్ని వేళ్లతో తడిమింది. కుట్టు విప్పిన దారానికుండే వంకరలు తగిలాయి. కొస ఇంకా తడిగా ఉంది.

"వద్దు అమ్మలూ, విప్పకు," అంది. "చలేస్తుందే."

బల్లకింద, చీకట్లో, ఇంకో కుట్టు పుటుక్కున తెగింది.