మబ్బు పడితే వచ్చే మనిషి

మబ్బు పట్టింది. కాలింగ్ బెల్ మోగింది.

"వచ్చాడమ్మా నీ చుట్టం," అన్నారు అత్తగారు, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

కోడలు తలుపు తీసింది. ఎదురింట్లో అద్దెకుంటున్న పెద్దాయన. చేతిలో గొడుగు, మొహంలో కంగారు.

"అమ్మాయ్, వైరు పీకావా?"

"ఇంకా ఉరమలేదండీ."

"ఉరిమాక పీకితే ఏం లాభం? వెళ్ళు తల్లీ. నేనిక్కడే నిలబడతాను."

నిలబడ్డాడు కూడా. ఆమె మేడ మీదికి వెళ్ళొచ్చి "పీకానండీ" అనేదాకా గుమ్మం వదల్లేదు.

మేడ మీద గదిలో ఆమె రేడియో ఉంది. వినే రేడియో కాదు, మాట్లాడే రేడియో. పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకుని, మొహం తెలియని మనుషులతో సముద్రాల మీదుగా కబుర్లు చెప్పుకునే రేడియో. దానికోసం డాబా మీద పొడుగాటి ఇనపస్తంభం.

"బట్టలారేసుకోవడానికైనా పనికిరాదు," అని అత్తగారి తీర్పు.

ఇంట్లో ఆమెతో మాట్లాడేవాళ్ళు లేక కాదు. పొద్దస్తమానం మాట్లాడతారు. "నా టవలేదీ?" "మోటారు కట్టేశావా?" "గ్యాసుకి ఫోన్ చేశావా?"

పైగదిలో మాత్రం "మీ దగ్గర వాన పడుతోందా?" అని అడుగుతారు. ఆమె చెబుతుంది. వాళ్ళు చివరిదాకా వింటారు.

పిడుగుల సంగతి తెలియని మనిషేం కాదు. స్తంభం మొదట్నుంచి మందపాటి రాగిపట్టీ వేయించి భూమిలోకి ఎర్తు దింపించింది. దాన్ని ఇంటి ఎర్తుతో కలిపించింది. అయినా వాన వచ్చేలా ఉంటే స్తంభం నుంచి సెట్టుకొచ్చే కేబుల్ ఊడదీసి కిటికీ అవతల పడెయ్యాలి. గోడ ప్లగ్గు తియ్యాలి. వచ్చిన పాఠాన్నే గుమ్మంలో నిలబడి మళ్ళీ మళ్ళీ అప్పజెప్పించుకునేవాడంటే ఎవరికి మాత్రం ముద్దు?

మబ్బు తాతయ్య అని పేరు పెట్టింది.

ఆయన రాకపోకలు మొదలవడానికి కొద్దిగా ముందు, వీధి సంఘం సెక్రటరీ ఆమెని గేటు దగ్గర ఆపాడు.

"మీ స్తంభం పిడుగుల్ని పిలుస్తుందని గొడవగా ఉందమ్మా. తీయించెయ్యమంటున్నారు."

"ఎవరు?"

"పేర్లెందుకులెండి. ప్రస్తుతానికి ఆగింది. జాగ్రత్త."

ఆ సంగతి ఇన్నాళ్ళకి చెబితే అత్తగారు నవ్వారు. "పేర్లు కూడా చెప్పాలా? గొడవ మొదలైందీ, ఆయన మన గుమ్మం తొక్కిందీ ఒకేసారి."

"నిజమే," అన్నాడు భర్త, పేపర్లోంచి తలెత్తకుండా. "వరండాలో కూర్చుని ఎప్పుడూ మన మేడకేసే చూస్తుంటాడు."

ఆ మాట ముల్లులా దిగింది.

మరోసారి మబ్బు పట్టింది. బెల్ మోగింది.

"అమ్మాయ్, వైరు..."

"పీకను! ఏం చేస్తారు?"

ఆయన తెల్లబోయాడు.

"పైకేమో జాగ్రత్తలు, వెనకేమో ఫిర్యాదులూనా? నాకున్నదే ఆ ఒక్క గది. అది చూసి కూడా మీకు కళ్ళు కుట్టాయా? పనీపాటా లేకపోతే ఇంటికెళ్ళి మీ వైర్లు పీక్కోండి!"

ఇస్త్రీ బట్టలివ్వడానికి వచ్చినతను మెట్ల మీదే ఆగిపోయాడు. పక్కింటి కిటికీ కొంచెం ఎక్కువగా తెరుచుకుంది.

పెద్దాయన గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"పీకెయ్యమ్మా," అని మాత్రం అని, మెట్లు దిగాడు.

ఆ రోజు ఆమె పీకింది. కోపంగా పీకింది.

మళ్ళీ ఆయన రాలేదు.

ఒక మధ్యాహ్నం ఏదో దీవి నుంచి ఒక పంతులమ్మ తన మేక క్లాసులోకి వచ్చి హాజరు వేయించుకున్న కథ చెబుతోంది. కోడలు పగలబడి నవ్వుతోంది. ఇంతలో కిందనుంచి అత్తగారి కేక.

"చినుకులు! బట్టలు తడిసిపోతున్నాయి!"

పరిగెత్తింది. బట్టలు తీసింది. కిటికీలు మూసింది. స్టవ్ మీద పాలు దింపింది. ఇంకేదో మర్చిపోయానని మనసు పీకుతోంది. అదేమిటో తోచడం లేదు.

ఇల్లంతా తెల్లగా వెలిగింది. చెవులు దిబ్బళ్ళు పడేంత చప్పుడు.

సీరియల్లో లేచిన చెయ్యి చెంప మీద పడకుండానే టీవీ ఆరిపోయింది.

ఎర్తు ఉండబట్టి ఇల్లు నిలిచింది, మనుషులు దక్కారు. పైగదిలో సెట్టు మాత్రం నల్లగా కమిలిపోయి పొగలు కక్కుతోంది. వీధిలో చాలా ఇళ్ళ టీవీలు కూడా దానికి తోడు వెళ్ళాయి.

ఆమె కుర్చీలో కూలబడింది. ఇన్నాళ్ళూ గుర్తుపెట్టుకున్నది తను కాదని అప్పుడు తెలిసింది.

వాన వెలిశాక ఎదురింటికి వెళ్ళింది. ఏమనాలో అనుకుంటూనే వెళ్ళింది. తలుపుకి తాళం.

"ఆ పెద్దాయన ఖాళీ చేసేశారుగా అమ్మా," అన్నాడు ఇస్త్రీ అతను. "ఎక్కడికని అడిగితే నవ్వి ఊరుకున్నారు."

తిరిగి వచ్చేసరికి గేటు దగ్గర సెక్రటరీ. వెనక పానాలు, తాళ్ళు పట్టుకుని ఇద్దరు మనుషులు. పక్కన చేతులు కట్టుకుని భర్త.

"స్తంభం దింపించెయ్యాలమ్మా. ఇక నేనేం చెయ్యలేను."

"కానివ్వండి," అంది. "ఆయన మంచికే చెప్పారు. నేనే వినలేదు. కానీ తీయించమని మీకు చెప్పే బదులు, ఆ మాటేదో నాతోనే అనుండొచ్చుగా."

"ఎవరు, ఎదురింటాయనా?" సెక్రటరీ వింతగా చూశాడు. "అదేమిటమ్మా! ఆ రోజు మీటింగులో తీయించెయ్యమన్నది మిగతా అందరూనూ. మీవారితో సహా."

భర్త స్తంభం కొసకేసి చూడసాగాడు.

"ఆయనొక్కడే లేచి, 'ఆ గదిలో ఉన్నప్పుడే ఆ అమ్మాయి నవ్వు వినబడుతుందయ్యా, స్తంభం జోలికి పోకండి, మబ్బు పట్టినప్పుడల్లా వెళ్ళి వైరు పీకించే పూచీ నాది' అన్నాడు."