మూడో వరస

“నేనెక్కడ పొరపాటు చేశానో చూసి చెప్పండి చాలు, వెళ్లిపోతాను,” అంది తబిత సుకుమార్‌తో.

మండపేటలోని ఆ ల్యాబులో ఆమెకదే ఆఖరి రోజు. ఒక గర్భిణి రిపోర్టులో బ్లడ్ గ్రూపు తప్పు పడింది. రక్తం ఎక్కించే ముందు ఆసుపత్రివాళ్లు మళ్లీ పరీక్షించబట్టి ప్రాణం దక్కింది. “సాఫ్ట్‌వేర్ తప్పు చెయ్యదండి. టైపు చేసినావిడే చూసుకోలేదు,” అని పది రోజుల కిందట అందరి ముందూ తేల్చేసింది సుకుమారే. ఆ ప్రోగ్రాం రాసిందీ అతనే.

తబిత కంప్యూటర్ ముందు కూర్చుంది. వెతుక్కోవడం తేలికని పట్టికలో పేర్లను అక్షరక్రమంలోకి మార్చింది. మూడో వరసలో ఉన్న పేరుకెదురుగా ‘ఓ పాజిటివ్’ అని కొట్టి సేవ్ చేసింది. రిపోర్టు తెరిస్తే ఆ గ్రూపు ఇంకెవరి పేరు మీదో పడింది.

సుకుమార్ చెవులు వేడెక్కాయి. తెర మీద మూడో వరసలో కొట్టింది లోపలి జాబితాలో మూడో మనిషికి రాయమని ప్రోగ్రాంలో పెట్టింది తనే. పేర్లు అటూ ఇటూ జరిగాక ఆ మూడో మనిషి వేరొకరవుతారని తనకు తట్టనే లేదు.

“ఏంటండీ, తేలిందా? ఈవిడ తప్పేగా?” గుమ్మంలోంచి అడిగారు ల్యాబు యజమాని అప్పాజీ గారు.

“కాదండి. నాది,” అన్నాడు సుకుమార్.

“నువ్వు రేపట్నుంచి మామూలుగా వచ్చెయ్యమ్మా,” అన్నారు ఆయన తబితతో.

తబిత మొహంలో సంతోషం కనిపించలేదు. “మొన్న ద్రాక్షారామంలో ఆ గర్భిణి ఇంటికెళ్లి ఆవిడ కాళ్లు పట్టుకున్నానండి,” అంది. “నా వల్లే జరిగింది, క్షమించమన్నాను.”

సుకుమార్ బండి తాళాలు చేతిలోకి తీసుకున్నాడు.

“ఆ ఇల్లు నాకు చూపిస్తారా అండి?”