ఇచ్చట నిద్ర అమ్మబడును

“ఇక్కడ నిద్ర దొరుకుతుందటగా?”

గుమ్మంలో నిలబడి అడిగాడు పెద్దాయన. చొక్కా గుండీలు ఒకదాని కన్నంలో ఇంకోటి పెట్టుకున్నాడు.

మైకు పకపకా నవ్వాడు. వాడికా పేరు ఊరికే రాలేదు. క్లాసులో వాడు గుసగుసలాడితే గేటు దగ్గర వాచ్‌మన్ “నన్నేనా బాబూ?” అంటూ లేచి నిలబడేవాడు.

“దొరుకుతుంది తాతా! తాజా సరుకు. రండి, రండి!”

అసలు సంగతేంటంటే, అది గవర్నమెంటు యూనివర్సిటీలో ఎంబీయే చదువు. మార్కెటింగ్ మాస్టారు ఆ ఏడు పరీక్ష కాగితం మీద పెట్టలేదు.

“ఒక్కరోజు కొట్టు పెట్టండి. ఏదైనా అమ్మండి. సాయంత్రానికి ఒక్క మనిషి, ఒక్కడంటే ఒక్కడు, ‘నాక్కావాల్సింది ఇక్కడ దొరికింది’ అనాలి. అప్పుడే పాసు” అన్నాడు.

మిగతావాళ్ళంతా టీలు, పెన్నులు, గొడుగులు పెట్టారు. మైకూ, కళ్ళజోడు పిల్లా, అక్కా కలిసి నిద్ర పెట్టారు.

ఆలోచన అక్కది. క్లాసులో అందరికన్నా పెద్దది, ఇద్దరు పిల్లల తల్లి. ఆఫీసుకి సెలవు పెట్టి వచ్చి చదువుతోంది. ఆ సెలవు ఈ టర్ముతో సరి. ఇది పోయిందా, డిగ్రీ లేదు, ప్రమోషనూ లేదు. వెనక్కెళ్ళి నిన్నగాక మొన్న చేరినవాళ్ళ కింద అదే కుర్చీలో కూర్చోవడమే.

నిద్ర ఎంత ఖరీదైందో ఆవిడకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు?

లైబ్రరీ వెనక పాత గది. ఒక మంచం, ఉతికిన దుప్పటి, కిటికీకి స్టేజీ మీంచి అడిగి తెచ్చిన నీలం తెర. ఎండ అందులోంచి దిగుతుంటే గది మొత్తం నీళ్ళ అడుగున ఉన్నట్టుంది. ఫ్యాను తిరగట్లేదు, ఈదుతోంది.

అయినా పొద్దున్నుంచీ ఈగ కూడా వాలలేదు.

“ఈయన్ని ఊరికే పడుకోబెడదాం అక్కా. షోరూములో బొమ్మలా ఉంటాడు” అంది కళ్ళజోడు.

“పడుకోండి బాబాయ్” అంటూ అక్క దిండు సర్దింది.

పెద్దాయన నడుం వాల్చాడు. పైకి చూశాడు.

“ఫ్యాను చప్పుడు బాగుందమ్మా” అన్నాడు.

అంతే.

మొదట గురక మెల్లగా, చెంబులోంచి నీళ్ళు ఒంపినట్టు వచ్చింది. తర్వాత పడవకి తెడ్డు వేసినట్టు. ఆ తర్వాత చూడాలి!

కిటికీ మీది పావురాలు తలలు రెక్కల్లో దోపేసుకున్నాయి. పక్క గదిలో అకౌంట్స్ మేడమ్ బోర్డు మీద ఒకటి అంకె వేస్తూ వేస్తూ నిలబడే కునికింది. ఆ ఒకటి సాగి సాగి, బోర్డు దిగి, గోడ దిగి, నేల దాకా పోయింది. లైబ్రరీలో పుస్తకాలు ఒకదాని భుజం మీద ఒకటి ఒరిగాయి. గడియారం ముల్లు ఒళ్ళు విరుచుకుని, కాసేపు ఆగి, సరేలే అని మళ్ళీ నడిచింది.

అటుగా వచ్చినోళ్ళు గుమ్మం పైన కట్టిన బోర్డు చదవడం, మెట్ల మీద కూలబడటం, గోడకి జారగిలబడి కళ్ళు మూసెయ్యడం. ఒక్కడూ గుమ్మం దాటట్లేదు. పరీక్ష బెంగతో ఈ ముగ్గురికే కునుకు రాలేదు.

“అక్కా! సరుకు కారిపోతోంది!” అని కేకేశాడు మైకు.

“ఏంట్రా?”

“బయట అందరికీ ఊరికే దొరుకుతుంటే లోపలికెవడొస్తాడు?”

అప్పుడొచ్చాడు ఒక కంపెనీ మేనేజరు. మెళ్ళో టై, చేతిలో బ్యాగు. చెవిలో ఫోను ఉంది గనక గురక అంటలేదు.

“మీ మాస్టారు నాకు బాగా తెలుసు. మంచం ఖాళీయేనా?” అన్నాడు.

ముగ్గురికీ ప్రాణం లేచొచ్చింది. ఈయనొక్క మాట చెబితే చాలు.

“బాబాయ్, లేవండి” అంది అక్క.

కదల్లేదు.

దుప్పటి లాగింది. ఊహూఁ.

మైకు చెవి దగ్గర నోరు పెట్టాడు. ఒక్క అరుపు! పావురాలు ఎగిరిపోయాయి. మెట్ల మీదోళ్ళు లేచి దులుపుకుని ఎటోళ్ళటు పోయారు.

పెద్దాయన కళ్ళు తెరిచి, చంటిపిల్లాడిలా చుట్టూ చూశాడు.

“అయిపోయిందా అమ్మా?”

“అయిపోయింది బాబాయ్. పాపం ఆయన నిలబడి ఉన్నారు.”

“ఇంకొంచెం...” అని ఆగిపోయాడు. లేచి, అంచుకి అంచు కలిపి దుప్పటి మడిచాడు. “మళ్ళీ ఎప్పుడు పెడతారు?”

“ఇవాళొక్కరోజే తాతా!” అన్నాడు మైకు.

“అలాగా” అని తలూపి వెళ్ళిపోయాడు.

మేనేజరు బూట్లతోనే పడుకున్నాడు. అటు దొర్లాడు, ఇటు దొర్లాడు, ఫోను చూశాడు, లేచాడు.

“ఏం లేదిక్కడ” అని చక్కాపోయాడు.

సాయంత్రం మాస్టారు వచ్చాడు.

“ఒక్కడైనా?”

అక్క తల అడ్డంగా ఊపింది.

“ఏం చెయ్యనమ్మా మరి!” అని అక్కతో అని, బరువుగా అడుగులేసుకుంటూ వెళ్ళాడు.

అక్క ఏడవలేదు. మంచం మీద కూర్చుని నీలం తెర మడుస్తోంది. గది మామూలు గదైపోయింది.

ఎవరో ఒకావిడ రొప్పుతూ వచ్చింది.

“ఇవాళ ఇక్కడ ఒక పెద్దాయన పడుకున్నారా అండీ?”

“ఆ గురకాయనా? మీ తాలూకానా? మా కొంప ముంచి పోయాడు కదండీ!” అన్నాడు మైకు.

“గురకా?” ఆవిడ తలుపు పట్టుకుంది. “నిజంగా గురక పెట్టారా?”

“ఎంత మాట! నేను చెవిలో అరిస్తే గానీ లేవలేదు.”

“లేపారా?”

అక్క చేతిలో తెర ఆగిపోయింది.

“ఇంటికొచ్చి ‘నిద్రపోయానమ్మా’ అంటే నేను నమ్మలేదు, మిమ్మల్నే అడుగుదామని వచ్చాను” అందావిడ, ఖాళీ మంచం కేసి చూస్తూ. “మా అమ్మ పోయిన దగ్గర్నుంచీ, ఎంతమంది డాక్టర్ల దగ్గరికి తిప్పినా ఒక్క కునుకు పట్టని మా నాన్నండీ ఆయన.”