పది అడుగులు

మెయిన్ పైపు పగిలి మా అక్క ఇంట్లోకి నీళ్ళు వచ్చేస్తున్నాయి. వాల్వు కట్టేస్తే ఆగుతాయి. కాంట్రాక్టు మనుషులు పొద్దుటినుంచి మూడు గుంతలు తవ్వినా ఆ వాల్వు దొరకలేదు.

"అక్కడ కాదు, ఆ కరెంటు స్తంభం పక్కన తవ్వండి," అన్నాను.

"జరుగు తాతా. ఫోన్లో మ్యాపు చూసే తవ్వుతున్నాం," అన్నాడు మేస్త్రీ.

ముప్పై ఏళ్ళు ఈ వీధి వాల్వులన్నీ తిప్పినవాణ్ణి నేను. నాకే చెబుతున్నాడు. ఒళ్ళు మండింది.

మంచమెక్కి కూర్చున్న అక్క కిటికీలోంచి అరిచింది. "ఏరా, చూస్తూ నిలబడటానికేనా ఇన్నేళ్ళూ జీతం తీసుకున్నావు?"

"అసలు ఆ మ్యాపు ఏ గాడిద గీశాడయ్యా?" అని మేస్త్రీని నిలదీశాను.

"పని మాకు అప్పజెప్పిన రోజు, పాత వాల్వ్‌మ్యాన్ వీధంతా నడిచి చూపించాడట. పక్కన ఇంజనీరు రాసుకున్నాడట. తప్పెలా అవుతుంది?"

ఆ పాత వాల్వ్‌మ్యాన్ని నేనే. ఆ రోజే నన్ను పనిలోంచి తీసేసి ఇంటికి పొమ్మన్నారు. ఆ కడుపుమంటతో ప్రతి వాల్వుకీ పది అడుగులు అవతల కాలుపెట్టి, ఇక్కడే అని చూపించాను.

"ఇంతకీ స్తంభం పక్కనేనని నీకెలా తెలుసు తాతా?" అన్నాడు మేస్త్రీ.

అతని చేతిలోని గడ్డపార అందుకుని స్తంభం వైపు నడిచాను.